సరంగు పోలయ్యగారి కళ్ళు

దెయ్యాలూ భూతాలూ నాకు పట్టవండి, ముందే చెప్పేస్తున్నాను. శ్మశానం ప్రహరీ గోడ మీద సిమెంటు ప్రకటన రాసి, ఆ గోడ నీడనే కూర్చుని కేరేజీ విప్పుకుని పప్పన్నం తిన్నవాణ్ణి. ఒకటి కాదు, నాలుగైదు ఊళ్ళ శ్మశానాల గోడలు నేను రాసినవే. గోడ నున్నగా ఉందా, సున్నం పెచ్చులు ఊడుతోందా అని చూసుకున్నానే గానీ గోడవతల ఎవరున్నారన్న ఆలోచనే రాలేదు.

కాబట్టి ఇది విని, వీడో పిరికివాడు అనుకోకండి. ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం వెయ్యదు. ఛాతీ కొంచెం పొంగుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నాడనుకున్నా నాకు అభ్యంతరం లేదు, ఎందుకంటే ఆ గొప్ప నాది కాదు, మా నాన్నగారిది.

మాది అమలాపురం. ఆర్టిస్టు అప్పారావుగారంటే తొంభైల్లో కొత్తపేట నించి రాజోలు దాకా ఎవర్నడిగినా చెప్పేవారు. బట్టల కొట్లకి బోర్డులు, సినిమా హాళ్ళకి గుడ్డ బ్యానర్లు, మండపేట లారీల నుదుటి మీద దేవుడి పేర్లు, రేవుల్లో లాంచీల మీద నంబర్లు, అన్నీ ఆయన చేతివే. స్కేలు లేకుండా పదడుగుల గీత గీసేవారు. ఆయన అటు వెళ్ళేక నేను స్కేలు పెట్టి చూసేవాణ్ణి. ఎక్కడా వంకర దొరికేది కాదు. నేను చూస్తున్నట్టు తెలిస్తే మాత్రం వీపు మీద ఒకటి పడేది.

ఇంటరు తప్పి నేనూ ఆయన దగ్గరే చేరేను. బొమ్మ పెద్దది చెయ్యడానికి గళ్ళు కొట్టడం, రంగులు కలపడం, అక్షరాలు దిద్దడం నేర్పేరు. మొహాలు మాత్రం నన్ను ముట్టుకోనిచ్చేవారు కాదు. వాటికో పద్ధతి పెట్టుకున్నారు. జుట్టు, చెవులు, మీసం, చొక్కా కాలరు అన్నీ అయ్యేకే కళ్ళు. కళ్ళు పెట్టే రోజున స్నానం చేసి, టీ చుక్క కూడా తాగకుండా వచ్చేవారు. పదకొండు గంటల ఎండలోనే పెట్టాలి. ఆ బొమ్మలో మనిషి తాలూకు వాళ్ళెవరైనా ఎదురుగా నిలబడాలి. కళ్ళు తెరిచేసరికి తెలిసినవాళ్ళు కనపడాలి గదా అనేవారు. సినిమా బ్యానర్లకి ఎవరిని తెస్తాం? హాలు గేటుకీపరునే నిలబెట్టేవారు. పాపం ఆ మనిషి ప్రతి శుక్రవారం చొక్కా మార్చుకుని మరీ వచ్చేవాడు.

అన్నిటికన్నా చివర తెల్లచుక్క. కంట్లో వెలుగు కోసం నల్లగుడ్డు మీద పెట్టే చిన్న చుక్క అండి అది. స్టూడియో ఫొటోల్లో చూడండి, ఆ మెరుపు పైభాగాన ఉంటుంది. లైటు పైన పెడతారు కాబట్టి. మా నాన్నగారు కింద పెట్టేవారు, ఎడమవైపు కొంచెం ఓరగా. కాలవల పక్కనా గోదారి గట్టునా బతుకుతున్నాం, మన మనుషుల కళ్ళల్లోకి వెలుగు నీళ్ళ మీద నించి వస్తుందిరా అనేవారు. ఇంకో ఇద్దరు పెయింటర్లు ఆయన్ని చూసి అలాగే పెట్టబోయేరు గానీ వాళ్ళ బొమ్మలు నిద్రమొహాలు వేసుకున్నాయి. ఎంత కిందకో, ఎంత ఓరకో, ఆ లెక్క ఆయన చేతికే తెలుసు.

చుక్క పెట్టి బ్రష్షు కడిగేసి ఆయన ఇంటికెళ్ళిపోయేవారు. అక్కణ్ణించి కాపలా నాది. దుమ్ము పడకుండా, ఈగ వాలకుండా కూర్చోవాలి. చిటికెన వేలు వెనకవైపు అంచున ఆనించి, రంగు అంటకపోతే అప్పుడు ఇంటికి రావాలి. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయన అడిగేది ఒకటే మాట.

"ఆరిందా?"

"ఆరింది నాన్నగారూ" అంటే లేచి కంచం ముందు కూర్చునేవారు. ఆ మాట వినేదాకా ముద్ద ముట్టేవారు కాదు. ఎండాకాలం పరవాలేదు గానీ, వానాకాలంలో ఒక్కోసారి సాయంత్రం నాలుగయ్యేది. మా అమ్మ అన్నం గిన్నె మీద మూత తీసి చూడ్డం, మళ్ళీ పెట్టడం, పెళ్ళయిన నాటి నించీ నాకిదే పని అని గొణుక్కోవడం. ఆవిడా తినేది కాదు లెండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. కళ్ళు పెట్టని మొహాన్ని వదిలేసి రావడమంటే ఆయనకి చచ్చేంత చిరాకు. జ్వరంతో వెళ్ళి పెట్టొచ్చిన రోజులున్నాయి. కానీ ఎప్పుడైనా మనసు బాగోనప్పుడు, "ఒక్కాయనకి మాత్రం తప్పేనురా, కళ్ళు పెట్టకుండా వదిలేసేను" అనేవారు. ఎవరికండీ అంటే చెప్పేవారు కాదు. కడిగిన బ్రష్షునే మళ్ళీ కడుక్కుంటూ కూర్చునేవారు.

రెండువేలు దాటేక ఫ్లెక్సీ వచ్చింది. మొదట పెద్ద ఊళ్ళలో కనపడింది. మేం వారం పట్టి గీసే బ్యానరు అక్కడ గంటలో దిగిపోతోంది. కొట్టువాళ్ళు మమ్మల్ని చూసి మాట మార్చేయడం మొదలెట్టేరు. నాకప్పటికి ఇద్దరు పిల్లలు. విజయవాడ వెళ్ళి నాలుగు నెలలు పని నేర్చుకుని, రెండువేల మూడులో అమలాపురంలో మిషను పెట్టేను.

ఆ మిషను ముందు ఎన్ని గంటలైనా కూర్చునేవాణ్ణి. పదడుగుల వెడల్పు. ఫ్లెక్సీ చుట్ట వెనక నించి ఎక్కి ముందుకి జారుతుంటే, రంగు చిమ్మే హెడ్డు అటోసారి ఇటోసారి పరిగెడుతుంది. ఒక్కో విసురుకి నాలుగు వేళ్ళ వెడల్పున బొమ్మ పడుతుంది. నీలం, గులాబీ, పసుపు, నలుపు, నాలుగే రంగులు. లోకంలో ఉన్న రంగులన్నీ ఆ నాలుగిట్లోంచే తీస్తుంది. దగ్గరగా చూస్తే ఉత్త చుక్కలు. పదిహేనడుగులు దూరం వెళ్ళి చూస్తే మనిషి. ఆ ఇంకు వాసనకి మొదట్లో తలనొప్పి వచ్చేది, తర్వాత అలవాటైపోయింది.

ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. ఆ మిషన్లో తెల్లరంగు లేదు. ఎక్కడ తెలుపు కావాలో అక్కడ ఇంకు పడదు, అంతే. తెలుపంటే ఫ్లెక్సీయే.

మా నాన్నగారు కొట్టు గుమ్మం దాకా వచ్చేరు. బోర్డు చదివేరు. "మంచిది" అన్నారు. లోపలికి రాలేదు. ఇంటికెళ్ళి బ్రష్షులన్నీ కిరసనాయిల్లో కడిగి, నూనె రాసి, పాత పంచెలో చుట్టి ట్రంకు పెట్టెలో పెట్టేసేరు. నన్నొక్క మాట అనలేదు. మిషను ఎలా ఉందనిగానీ, పని వస్తోందా అనిగానీ అడగలేదు. అడగకపోవడం తిట్టడం కన్నా ఎక్కువ బాధపెట్టింది నన్ను.

ఆర్నెల్లు తిరక్కుండా ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క మొత్తం పడిపోయింది. మాట పోయింది. ఊ అనీ, ఆ అనీ, మా అమ్మకి మాత్రమే అర్థమయ్యే నాలుగు శబ్దాలు మిగిలేయి. ఆ కుడిచెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చేది. డాక్టరుగారు బీపీ వల్ల అన్నారు. నా మిషనే ఆ చెయ్యి పడగొట్టిందని నాకు లోపల ఉండేది, ఎవరితోనూ అనలేదు.

ఇది జరిగి ఏడాది దాటేక, ఒక మధ్యాహ్నం కొట్లోకి ఇద్దరు ఆడవాళ్ళు వచ్చేరు. తల్లీ కూతురూ. సఖినేటిపల్లి నించి బస్సెక్కి వచ్చేరు. తల్లి పేరు నూకాలమ్మ. కూతురు పద్మ, ఇంటరు చదువుతోంది.

నూకాలమ్మగారి భర్త పోలయ్యగారు సఖినేటిపల్లి రేవులో లాంచీ నడిపే సరంగు. ఎనభై ఆరు వరదలో లంకల్లో చిక్కుకున్నవాళ్ళని తిండీ నిద్రా లేకుండా తెచ్చి గట్టున దింపిన మనిషి. రెండేళ్ళకి జ్వరం తగిలి పోయేరు. పద్మ అప్పటికి పాలు తాగే పిల్ల. ఇన్నేళ్ళకి రేవులో మనుషుల్నీ బళ్ళనీ దాటించే కొత్త పంటు దిగుతోందనీ, దాని మీద ముందు పోలయ్య బొమ్మే ఉండాలని రేవువాళ్ళంతా అనుకున్నారనీ నూకాలమ్మగారు చెప్పేరు. చెబుతున్నప్పుడు ఆవిడ నిటారుగా నిలబడ్డారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

సంచిలోంచి ఫొటో తీసేరు. పోస్టుకార్డు సైజు. తొంభై ఆరు తుఫానులో ఇంటి పెంకులు లేచిపోయి, ఫొటో తడిసి అద్దానికి అతుక్కుపోయిందట. అద్దం ఊడదీస్తే కనుబొమల కింద నించి ముక్కు మధ్య దాకా అద్దంతోనే వచ్చేసింది. జుట్టుంది, మీసముంది, గడ్డం కింద నొక్కుంది. కళ్ళున్నచోట తెల్ల కాగితం.

"ఇంకో ఫొటో లేదాండీ?" అన్నాను.

"ఆయ్, ఇదొక్కటేనండి" అన్నారావిడ. తర్వాత కూతురి వైపు చూసి, "దీనికి వాళ్ళ నాన్న మొహం తెలీదండి. చిన్నప్పుడు ఫొటోలో చూసుంటుంది గానీ గుర్తులేదంటుంది. రేవు కోసం కాదండి, నిజం చెప్పాలంటే దీనికోసం వచ్చేను. ఒక్కసారి చూపించండి బాబూ" అన్నారు.

ఆ పిల్ల నేలచూపులు చూస్తూ నిలబడింది. కళ్ళు ఎలా ఉండేవని నూకాలమ్మగారిని అడిగేను. "నవ్వుతున్నట్టు ఉండేవండి" అన్నారు. ఎవర్నడిగినా అదే చెబుతారు. దాంతో బొమ్మ గియ్యలేం కదండి.

లేదు, అవదు అని చెప్పాలి. చెప్పలేకపోయేను. "రేపు పన్నెండింటికి రండి, చూపిస్తాను" అన్నాను.

ఆ సాయంత్రం నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా పనిలో అందరూ చేసేదే. కోటు లేనివాడికి వేరేవాడి కోటు తొడుగుతాం, బట్టతలకి జుట్టు పెడతాం. అలాగే నా కంప్యూటర్లో మండపేట రైసుమిల్లు ఆసామీ ఒకాయన షష్టిపూర్తి ఫొటో ఉంటే, ఆయన కళ్ళు కత్తిరించి పోలయ్యగారి మొహంలో అతికించేను. రంగు కలిపేను, అంచులు మెత్తబరిచేను. అతుకు తెలీలేదు. మిల్లు ఆసామీ బతికే ఉన్నాడు, నిక్షేపంగా ఉన్నాడు. తండ్రి కళ్ళని చెప్పి ఆ పిల్లకి ఎవరివో కళ్ళు చూపించబోతున్నానని తెలుసు. మా నాన్నగారికి తెలిస్తే మొహం మీద ఉమ్మేస్తారని కూడా తెలుసు. అయినా ఫైలు మూసి ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. ఇంట్లో పోలయ్యగారి ఊసే ఎత్తలేదు. పని సంగతులు ఇంట్లో మాట్లాడ్డం మానేసి అప్పటికి ఏడాది దాటింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి మిషను ఎక్కించేను. ఎనిమిదడుగుల వెడల్పు, పదడుగుల పొడుగు. జుట్టు దిగింది, నుదురు దిగింది. కళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఫ్లెక్సీ వేడికి ఉబ్బి హెడ్డుకి రాసుకుంది. రెండు కళ్ళ మీద నించీ అడ్డంగా నల్లటి చార. ఆపి, కోసి పారేసేను. ఇది మామూలేనండి, మా తేమకి ఇలాంటివి వారానికొకటి అవుతాయి.

హెడ్డు తుడిచి, చిన్న ముక్క మీద పరీక్ష చూసుకుని, మళ్ళీ మొదలెట్టేను. ఈసారి సరిగ్గా కళ్ళ దగ్గరే కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు హెడ్డు అడుగు తప్పింది. కళ్ళ మధ్య జానెడు ఖాళీ. రెండుసార్లు ఒకే చోట. అప్పుడు కూడా నాకు వేరే ఆలోచన రాలేదు. కరెంటువాళ్ళని నాలుగు తిట్టి ఊరుకున్నాను.

మూడోసారి పదిన్నర దాటేక మొదలెట్టేను. ఏ పని ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి అయిందో కంప్యూటర్లో పడుతుంది. పది నలభైకి మొదలు, పదకొండున్నరకి పూర్తి. దాని ప్రకారం లెక్కేస్తే కళ్ళు పదకొండు దాటిన కాసేపట్లో దిగి ఉంటాయి. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. హెడ్డు ఆగలేదు, శబ్దం మారలేదు. నాన్నగారు రంగుల్లో కలిపే టర్పెంటైను వాసన వచ్చినట్టు అనిపించింది. ఇంకు వాసన నిండిపోయిన గదిలో ముక్కు చెప్పే మాట నమ్మేది కాదు కాబట్టి దాన్ని నేను సాక్ష్యం కింద పెట్టను.

దగ్గర నించి చుక్కలు తప్ప ఏమీ తెలీదని చెప్పేను కదా. చార లేదు, ఖాళీ లేదు, అంతవరకే చూసుకున్నాను. ప్రింటయినవాటిని వాసన పోవడానికి మేడ పిట్టగోడ మీంచి కిందకి వేలాడదీయడం మా అలవాటు. పన్నెండింటికి తల్లీ కూతురూ వచ్చేరు. రోడ్డవతల నిలబడమని చెప్పి, మేడెక్కి ఫ్లెక్సీ వదిలేను.

పైనున్న నాకు ఫ్లెక్సీ వీపు తప్ప ఏమీ కనపడదు. కనపడింది వాళ్ళిద్దరే. నూకాలమ్మగారు ముందు చెప్పులు విడిచేరు. తర్వాత కొంగు భుజం చుట్టూ సర్దుకున్నారు, ఇంట్లోకి ఆయన వచ్చినట్టే. ఏడుస్తారనుకున్నాను, ఏడవలేదు. కూతురి రెండు భుజాలూ పట్టుకుని తన ముందు నిలబెట్టి, "అదుగో, నిన్నే చూస్తున్నారు" అన్నారు. చిన్న రోడ్డండి మాది, స్పష్టంగా వినపడింది.

ఆ పిల్ల తలెత్తి చూసింది. అలా చూస్తూనే ఉంది. ఓ సైకిలాయన బెల్లు కొట్టి కొట్టి పక్కనించి పోయేడు.

నేను కిందకి దిగి వాళ్ళ పక్కన నిలబడి చూసేను. అప్పుడు చూసేనండి.

అవి మిల్లు ఆసామీ కళ్ళు కావు. ఆయనవి పెద్దవి, కొంచెం ఉబ్బుగా ఉంటాయి. ఇవి సన్నవి. ఎండలో దూరం చూసే మనిషి కళ్ళు, చివర్న ముడతలు. ఎడమకంటి రెప్ప మీద అడ్డంగా ఒక గాటు. మెరుపు చుక్కలు రెండూ నల్లగుడ్డుకి కింద, ఎడమవైపు ఓరగా ఉన్నాయి.

ఆ చుక్కలు నేను ఎక్కడున్నా పోల్చుకుంటాను. పదిహేనేళ్ళు వాటికి కాపలా కూర్చున్నవాణ్ణి.

నూకాలమ్మగారు నా వైపు తిరిగి, "ఆ గాటు మీకెలా తెలిసిందండి?" అన్నారు. "లంగరు తాడు తెగి కొట్టిందండి. కన్ను పోవాల్సింది. ఫొటోలో ఆ ముక్కే లేదు కదా." ఆవిడే మళ్ళీ అన్నారు, "అప్పారావుగారు చెప్పేరా? ఆయనకి తెలుసు."

మా నాన్నగారి పేరు ఆవిడ నోట వింటాననుకోలేదు. ఎలా తెలుసని అడిగేను. ఇది ఆయనగారబ్బాయి కొట్టని తెలిసే వచ్చేరట. వరద తర్వాత రెండో ఏడాది, రేవువాళ్ళు పోలయ్యగారి బొమ్మ లాంచీ గది చెక్క మీద వేయించాలనుకున్నారట. అమలాపురం నించి మా నాన్నగారిని పిలిచేరట. పోలయ్యగారిని ఎదురుగా కూర్చోబెట్టి మొహమంతా అయ్యేక, మర్నాడు పదకొండింటికి కళ్ళు పెడతానన్నారట. మర్నాడు వాన. వారం రోజులు వదల్లేదు. వాన తెరిపిచ్చేసరికి పోలయ్యగారు జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నారు. తిరిగి రాలేదు. లాంచీ అమ్మేసేరు, కొన్నవాళ్ళు దాని మీద వేరే రంగు వేసేసుకున్నారు.

"కర్మాంతరాల నాడు మీ నాన్నగారు వచ్చేరండి. కళ్ళు పెట్టకుండా పంపించేనమ్మా అని నా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు" అన్నారు నూకాలమ్మగారు.

ఆ ఒక్కాయన ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

ఫ్లెక్సీ చుట్టి ఇచ్చేసే ముందు ఫొటోలు తీసుకున్నాను. తర్వాత కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఫైలు తెరిస్తే మిల్లు ఆసామీ కళ్ళే ఉన్నాయి. గాటు లేదు. మెరుపు పైభాగాన ఉంది. ఆ ఫైలే మళ్ళీ మూడడుగుల ముక్క మీద ప్రింటు తీసేను. మిల్లు ఆసామీయే వచ్చేడు. ఆ ముక్క ఇప్పటికీ నా దగ్గరుంది.

ఇంకు చుక్క పడి ఉంటుందంటారు కొందరు. ఇంకు పడితే నలుపొస్తుంది, తెలుపు రాదండి. ఆ రెండు చుక్కలూ ఉన్నచోట ఇంకు పడలేదు. చుట్టూ నలుపు కొడుతూ, సరిగ్గా అక్కడ, రెండు కళ్ళల్లోనూ ఒకే చోట, మిషను ఊపిరి బిగబట్టినట్టు వదిలేసింది. మిషను కంపెనీ నించి వచ్చే మెకానిక్కుకి చూపించేను. ఫైలు మారి ఉంటుందన్నాడు. ఏ ఫైలు? ఆ కళ్ళున్న ఫైలు లోకంలో లేదు.

నూకాలమ్మగారికి నా తప్పు తర్వాత వారం చెప్పేను, పంటు మీద ఫ్లెక్సీ కట్టడానికి నేనే స్వయంగా వెళ్ళినప్పుడు. ఆవిడ నవ్వేసి, "మీరు ఎవరివి పెడితేనేమండి, వచ్చినవి ఆయనవే కదా" అన్నారు. అందరి ఫ్లెక్సీల్లాగే అదీ ఎండకి రెండేళ్ళలో వెలిసింది. పూర్తిగా వెలవక ముందే మొహం ఉన్న ముక్క పద్మ కోసుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయింది.

ఆ రోజు సంగతి ఇంకా మిగిలుంది. మూడు దాటేక కొట్టుకి తాళం వేసి ఇంటికెళ్ళేను. నాన్నగారికి చెప్పాలనుకున్నాను. ఏం చెప్పాలో, ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలీలేదు.

మా అమ్మ వీధి అరుగు మీదే కూర్చుని ఉంది. పొద్దుటి నించీ మీ నాన్నగారు ఏదోలా ఉన్నారురా అంది. పొద్దున్న టీ పట్టబోతే మొహం తిప్పేసుకున్నారట. పదకొండింటికి రోజూ వచ్చే కూరల బండి వీధిలోకి వచ్చిందట. వంకాయలు తీసుకుని లోపలికొచ్చి చూస్తే, ఏడాదిగా కట్టెలా పడున్న కుడిచెయ్యి దుప్పటి మీద లేచి ఉంది. బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి, చాలా నెమ్మదిగా, గాల్లో ఏదో దిద్దుతున్నట్టు. మా అమ్మకి ఆ చెయ్యి కదలిక చెప్పక్కర్లేదు. ముప్ఫై అయిదేళ్ళు చూసింది. పలకరించడానికి భయమేసి వంకాయలు పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. ఆఖర్న రెండుసార్లు చిన్నగా వేళ్ళు ఆనించినట్టు చేసి, చెయ్యి వాల్చేసేరట. మళ్ళీ కదల్లేదు.

"అన్నం పెడితే నోరు తెరవట్లేదురా. పళ్ళు బిగించేసుకున్నారు. నువ్వన్నా చూడు" అంది. చేతిలో అన్నం గిన్నె, దాని మీద మూత.

నేను గుమ్మంలో అడుగు పెట్టేను. మంచం మీంచి మా నాన్నగారు తల తిప్పి నా వైపు చూసేరు. ఏడాది పైగా నోట్లోంచి ఒక్క మాట తిన్నగా రాని మనిషి. మూతి ఒక పక్కకి లాగుతూనే ఉంది, మాట మాత్రం స్పష్టంగా వచ్చింది.

"ఆరిందా?"

నా మిషను పని గురించి మా నాన్నగారు అడిగిన మొదటి మాట అది. ఆఖరి మాట కూడా అదే. తర్వాత ఎనిమిది నెలలు బతికేరు గానీ మళ్ళీ ఆయన నోట మాట రాలేదు, ఆ చెయ్యీ లేవలేదు. ఆయనకి పోలయ్యగారి సంగతి ఎవరు చెప్పేరో, ఆ కళ్ళు నా మిషన్లోకి ఎలా వచ్చేయో నాకు ఈ రోజుకీ తెలీదు. తెలిసినవాళ్ళు ఉంటే చెప్పండి, వింటాను. ప్రింటింగు లైన్లో ఇరవై ఏళ్ళు చేసేను, నాకు మాత్రం అంతుపట్టలేదు.

ఆ రోజు గుమ్మంలో నిలబడి నేను కుడిచేతి చిటికెన వేలు చూసుకున్నాను. ఫ్లెక్సీ చుట్టే ముందు అలవాటు కొద్దీ అంచున ఆనించేనండి, వేలికి రంగు అంటలేదు.

"ఆరింది నాన్నగారూ" అన్నాను.

మా నాన్నగారు నోరు తెరిచేరు. మా అమ్మ మూత తీసి ముద్ద కలిపింది.